చివరి రెండు పాఠాలు ఎవరు చెప్పారు?

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్ళు "మీరు చేరిన కొత్తలోనే జపనీస్ ప్రోగ్రామ్ మొత్తం నడిపారు కదా, కొత్తగా భాషా విభాగాల్లో చేరినవాళ్ళకి ఆ సంగతులు చెప్పండి" అన్నారు. సరే అనేశా. తీరా ఇక్కడ నిలబడ్డాక అనిపిస్తోంది, ఆ మొదటి ఏడాది నేను నడిపిందేం లేదు, అది దాని మానాన నడుస్తుంటే నేను కాగితాలు పట్టుకుని వెనకాల పరిగెత్తానంతే.

ముందు నా అర్హత చెప్తా. నా పీహెచ్‌డీ వెయ్యేళ్ళ కిందటి జపనీస్ డైరీల మీద. ఆ కాలం నాటి క్రియారూపాలు నిద్రలో లేపి అడిగినా చెప్తా. కానీ డైరెక్టర్ కుర్చీలో కూర్చున్నాక ఎవరూ అవి అడగలేదు. ఈ సెమిస్టర్ ఎన్ని సెక్షన్లు, నాలుగో ఏడాది క్లాసులో ఆరుగురే చేరితే డీన్ ఆఫీసుకి ఏం చెప్పి ఆ క్లాసు నిలబెట్టాలి, ఎవరిని ఏ ఏడాది క్లాసులో వేయాలో తేల్చే ప్లేస్‌మెంట్ టెస్ట్ పేపర్లు ఎవరు దిద్దాలి, పార్ట్‌టైమ్ లెక్చరర్ కాంట్రాక్ట్ ఏ తేదీలోపు పంపకపోతే ఆవిడకి జీతం ఆగుతుంది, ఇవీ అడిగింది. ఇదంతా చేస్తే ప్రమోషన్ ఫైల్లో ఒక లైను పడుతుంది. వ్యాసం రాస్తే పేజీ, ప్రోగ్రామ్ నడిపితే లైను. ఇది ముందే తెలుసుకోండి, తర్వాత ఏడవద్దు.

చేరిన మూడో వారం మీటింగ్ పెట్టా. నలుగురు లెక్చరర్లు, అందులో ముగ్గురు జపాన్ వాళ్ళే. సీనియర్ ఆవిడైతే నేను జపనీస్ ఓనమాలు, అంటే హిరగాన, దిద్దుకుంటున్న రోజుల నుంచి మొదటి ఏడాది క్లాసు చెప్తున్నారు. వాళ్ళ ముందు నేను ముప్పై స్లైడ్లు వేసి, పాత టెక్స్ట్‌బుక్ తీసేద్దాం, కొత్తది తెద్దాం, అన్నీ మార్చేద్దాం అని దంచేశా. అందరూ తలూపారు, "నరుహొదొ" అన్నారు, అంటే "అలాగా, అర్థమైంది" అని. చివర్లో సీనియర్ ఆవిడ "కెంతో షిమాసు" అన్నారు. నేను పొంగిపోయి మినిట్స్‌లో "అందరూ ఒప్పుకున్నారు" అని రాసుకున్నా.

కెంతో షిమాసు అంటే మాటకి మాట పెట్టి చూస్తే "పరిశీలిస్తాం". వాడకంలో మాత్రం మన "చూద్దాం లెండి". ఈ ముక్క నేనే క్లాసులో పిల్లలకి చెప్తా, జపనీస్‌లో కాదు అనే మాట ఎలా కాదనకుండా చెప్తారో ఒక గంట పాఠమే ఉంది, ఆ పాఠం చెప్పేవాడిని నా మీటింగ్‌లో నాకే చెప్తే పట్టుకోలేకపోయా. రెండు నెలలైనా ఎవరూ కొత్త పుస్తకం ఊసెత్తకపోతే అప్పుడు వెలిగింది.

పుస్తకం మార్చడం ఎందుకు తప్పో మాత్రం ఇంకా వెలగలేదు. అది ఒక స్టూడెంట్ వల్ల తెలిసింది. మూడో ఏడాది అబ్బాయి, మంచి మార్కులు, జపాన్‌లో ఒక యూనివర్సిటీకి ఎక్స్చేంజ్ మీద వెళ్ళాలి, దానికి ఇంటర్వ్యూ. ప్రాక్టీస్ చేయిద్దామని నేను అవతలి ప్రొఫెసర్‌లా కూర్చుని, ఇక్కడికి ఎప్పుడు వస్తారు అని అడిగా. వాడు వెన్ను నిటారుగా పెట్టి, చాలా శ్రద్ధగా, సెప్టెంబర్లో "ఇరష్షైమాసు" అన్నాడు. తెలుగులో చెప్పాలంటే "నేను సెప్టెంబర్లో విచ్చేస్తానండి" అన్నట్టు! నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నా. అక్కడ తనని తగ్గించుకునే మాట "మైరిమాసు" రావాలి, అది రాకపోతే మామూలు "ఇకిమాసు" అన్నా ఎవరూ ఏమనుకోరు. పాపం మర్యాదగా మాట్లాడాలనే తాపత్రయంలో ఆ మర్యాదంతా తన నెత్తినే పోసుకున్నాడు.

"కెయిగొ పాఠం చదవలేదా?" అని అడిగా. కెయిగొ అంటే ఈ మర్యాద భాష, ఎదుటివాళ్ళని పెంచే మాటలు వేరు, మనల్ని తగ్గించుకునే మాటలు వేరు, తిను అనే ఒక్క క్రియకే అవతలివాళ్ళు తింటే "మెషియగరు", నేను తింటే "ఇతదకు". వాడు "ఆ పాఠం మాకెవరూ చెప్పలేదు సెన్సే" అన్నాడు, సెన్సే అంటే మాస్టారు.

తవ్వితే బయటపడింది ఇదీ. మొదటి ఏడాది చివర్లో సెలవులు, పరీక్షలు, క్లాసులు పోవడం, దాంతో రెండు పాఠాలు మిగులుతాయి. రెండో ఏడాది టీచర్ ఆ మిగిలినవాటితో మొదలుపెడతారు. వాళ్ళకి సంవత్సరాంతానికి ఇంకో రెండు మిగులుతాయి. ఆ మిగిలేవి పుస్తకంలో ఆఖరివి, అక్కడే కెయిగొ ఉంది. మూడో ఏడాది టీచర్ అవన్నీ అయిపోయాయి అనుకుని నేరుగా పత్రికా వ్యాసాలు మొదలుపెడతాడు. ఆ మూడో ఏడాది టీచర్ ఎవరో కాదు, నేనే.

సీనియర్ ఆవిడని అడిగితే "చాలా ఏళ్ళుగా ఇంతే" అన్నారు, మామూలుగా. ఎవరి క్లాసు వాళ్ళు బాగానే చెప్తున్నారు. ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ మధ్య అతుకు ఎవరి పనీ కాదు, అక్కడే కారిపోతోంది. నా కొత్త పుస్తకం తెచ్చి ఉంటే దాని చివరి రెండు పాఠాలు కూడా అలాగే పోయేవి.

అప్పుడు కూర్చుని గంటలు లెక్కేశాం. అమెరికాలో డిప్లమాట్లకి భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఇంగ్లీష్ మాట్లాడేవాళ్ళకి జపనీస్ పని చేసుకునేంత రావాలంటే 2200 క్లాసు గంటలు అని వాళ్ళ అంచనా. మాకు వారానికి 5 గంటలు, 15 వారాలు, అంటే సెమిస్టర్‌కి 75. ఎనిమిది సెమిస్టర్లకి 600. ఈ కాగితం బల్ల మీద పెట్టాక "అన్నీ చెప్పేయాలి" అనే మాట ఎవరూ అనలేదు, ఏది వదిలేద్దాం అనే దాని మీదే వాదించుకున్నాం.

ఇక్కడ ఒక పక్కమాట. మాకు దొరికే పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీష్ వాళ్ళ తలనొప్పులు చూసి రాసినవి. "నిన్న కొన్న పుస్తకం" అనే నిర్మాణానికి వాటిలో పాఠంలో సగం పెట్టి వాక్యం తిరగేసి మరగేసి చూపిస్తారు. జపనీస్‌లో అది "కినో కత్త హొన్", నిన్న, కొన్న, పుస్తకం, అంతే, అదే వరస. "తబెతె మిరు" అంటే తిని చూడు. మిరు అంటే నిజంగానే చూడు! "కత్తె ఒకు" అంటే కొని పెట్టుకో, ఒకు అంటే పెట్టు. తళతళకి వాళ్ళకి కిరకిర ఉంది. ఒబసన్ అంటే అత్తయ్యో పిన్నో, ఒబాసన్ అంటే అమ్మమ్మో నానమ్మో, ఈ దీర్ఘం తేడా పట్టలేక మిగతావాళ్ళు నానా తంటాలు పడుతుంటే క్లాసులో ఉన్న నలుగురైదుగురు తెలుగు పిల్లలు ఇందులో కష్టమేముంది అన్నట్టు చూస్తారు. అందుకని వాళ్ళని ఆ గంట పక్కవాళ్ళకి జత చేసి వాళ్ళచేత చెప్పిస్తా. కానీ ఈ డిస్కౌంట్ వ్యాకరణం దాకే. కాంజీ, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు, వాటి దగ్గర తెలుగుకి పైసా తగ్గింపు లేదు. ప్రభుత్వం రోజువారీ వాడకానికి పెట్టిన జాబితాలోనే 2136 ఉన్నాయి, అదీ ఒక్కోదానికి ఒకటే ఉచ్చారణ అయితే సరే. సెన్సేలో, విద్యార్థి అనే గకుసేలో "సే"గా ఉండే అక్షరం పుట్టినరోజుకి వచ్చేసరికి తంజోబిలో "జో" అవుతుంది, ఒంటరిగా నిలబడితే "నమ", అంటే పచ్చిది. కాబట్టి వదిలేసే జాబితాలో మేం ముందు రాసింది కాంజీ చేత్తో రాసే పరీక్షల్ని. సగానికి కోసేశాం. చదవడం వస్తే చాలు, ఫోన్లో టైప్ చేసుకుంటారు. జపాన్ లెక్చరర్లలో ఒకాయనకి ఇది ఇప్పటికీ నచ్చలేదు, ఆయన వాదనలో న్యాయం లేకపోలేదు, రాస్తేనే గుర్తుంటుందంటారు.

ప్లేస్‌మెంట్ కూడా ఇలాంటి అతుకే. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్3 సర్టిఫికెట్ పట్టుకుని నేరుగా మూడో ఏడాదిలో వేయమని వస్తారు. ఆ పరీక్ష 1984 నుంచి ఉంది, 2010 నుంచి ఎన్5 మొదలు ఎన్1 దాకా ఐదు మెట్లు, మంచి పరీక్షే, కానీ అందులో మాట్లాడేదీ లేదు, రాసేదీ లేదు. వినడం, చదవడం, సరైన జవాబు ఎంచుకోవడం. మరోపక్క ఇంట్లో అమ్మతో జపనీస్‌లో గలగలా మాట్లాడే పిల్లకి మా పేపర్లో సున్నాకి దగ్గర్లో వస్తుంది, ఎందుకంటే చదవడం నేర్పినవాళ్ళు లేరు. మా పేపర్ ఈ ఇద్దరినీ తప్పు క్లాసులోనే వేసింది. ఇప్పుడు ప్రతి ఒక్కరితో పది నిమిషాలు మాట్లాడి, ఐదు వాక్యాలు రాయించి ఆ తర్వాతే వేస్తున్నాం. ఆగస్టులో మూడు రోజులు గొంతు పోతుంది, అంతకన్నా దగ్గరి దారి నాకు దొరకలేదు.

పాఠాల సంగతికి వస్తా. కెయిగొని ముందుకి జరిపి రెండో ఏడాది మొదటి సగంలో పెట్టాం. ఇంకొకటి, సీనియర్ ఆవిడ ఐడియా, నాది కాదు. సెమిస్టర్ చివర ప్రతి టీచర్ తర్వాతి టీచర్‌కి ఒక పేజీ ఇవ్వాలి, అందులో ఏం చెప్పామో రాయక్కర్లేదు, అది సిలబస్‌లో ఎలాగూ ఉంటుంది, ఏం చెప్పలేదో రాయాలి. నాకు భలే నచ్చింది. ఫారం చేసి అందరికీ పంపా. ఆ సెమిస్టర్ చివర ఐదు పేజీలూ ఖాళీగా వచ్చాయి. ఐడియా ఇచ్చినావిడది కూడా! డైరెక్టర్ చేతికి "నేనిది చెప్పలేకపోయా" అని సంతకం పెట్టి ఎవరిస్తారు మరి, అందులో ఏటేటా కాంట్రాక్ట్ రెన్యూ అవ్వాల్సినవాళ్ళు?

తర్వాతి సెమిస్టర్‌కి ఫారంలో సంతకం గడి తీసేశా, అది నా దగ్గరికి కాకుండా నేరుగా తర్వాతి టీచర్‌కే వెళ్ళేలా మార్చా, అందరికన్నా ముందు నా పేజీ నింపి నోటీస్ బోర్డుకి గుచ్చా: "ఆఖరి రెండు వ్యాసాలు చదివించలేదు. మర్యాదగా ఈమెయిల్ రాయడం ఒక్కసారే చేయించా, ఎవరికీ సరిగ్గా రాలేదు."

మర్నాడు పొద్దున నా పేజీ పక్కన ఇంకో పేజీ గుచ్చి ఉంది. సీనియర్ ఆవిడ చేతిరాత, ముత్యాల్లాంటి అక్షరాలు, మూడే లైన్లు. మొదటి రెండూ నేను ఊహించినవే. మూడోది మాత్రం మాలో ఎవరికీ తట్టనిది: "కటకాన చదువుతారు, రాయలేరు." కటకాన అంటే విదేశీ మాటలు రాసే లిపి, 46 అక్షరాలు, మొదటి నెలలోనే అయిపోయాయని అందరం అనుకునేవి. రెండో ఏడాది మొదటి వారం కొత్త పాఠం పక్కన పెట్టి కటకాన దిద్దించాం.