మనవడికి కూడా కాయితం కావాలా?

అందరికీ నమస్కారం. విశాఖపట్నం ద్వారకానగర్లో ఈ పౌర గ్రంథాలయానికి నేను ఎప్పుడూ పుస్తకాల కోసమే వచ్చాను, మైకు ముందు నిలబడటానికి కాదు. ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పాను. రిటైరయ్యాక మా వార్డులో వాళ్లకీ వీళ్లకీ దరఖాస్తులు నింపిపెట్టడం అలవాటైంది. లాయర్ని కాను, ఆఫీసర్ని కాను. తల్లిదండ్రులు లేని పిల్లల్ని పెంచుతున్న బంధువులకు సర్కారు ఏం ఇస్తుందో, అది చేతికి రావడానికి ఏమేం అడ్డుపడతాయో నేను చూసినంత మేరకు చెబుతాను.

రెండేళ్ల కిందట చెంగల్రావుపేట నుంచి ఒకావిడ వచ్చింది. ఫిషింగ్ హార్బర్లో రొయ్యలు ఒలిచే పని. కూతురూ అల్లుడూ ఏడాది తేడాలో పోయారు. ఎనిమిదేళ్ల మనవడు ఆవిడ దగ్గరే ఉన్నాడు. వచ్చింది రేషన్ కార్డు పని మీద. మాటల్లో కుర్రాడి సంగతి తెలిసి, సాయానికి దరఖాస్తు పెడదామన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. "నా కూతురు కొడుకుని నాను సాక్కోడానికి గవర్నమెంటోళ్లు డబ్బులియ్యాలేటి టీచరమ్మా? మా వీధిలో ఏటనుకుంటారు?" అంది.

ఈ మాట నాకు చాలా ఇళ్లలో వినిపించింది. మేనమామలూ అన్నారు, పిన్నులూ అన్నారు. పెంచిన ప్రేమ అంటాం గానీ, పెంచిన ఖర్చు అనే మాట మన నోట రాదు. తమ్ముడి బిడ్డను సాకుతూ నెలనెలా డబ్బు తీసుకుంటే అభిమానాన్ని అమ్ముకున్నట్టని మనవాళ్ల భయం. నేను ఆవిడని ఒకటే అడిగాను: "ఒకటో తారీఖున ఇంటికి తెచ్చిస్తున్న పింఛను తీసుకుంటున్నావా లేదా?" వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి 4,000. మనవడికి వచ్చేదీ అంతే. నీ 4,000కి లేని సిగ్గు వాడి 4,000కి ఎందుకన్నాను. ఆవిడ జవాబు చెప్పలేదు. మర్నాడు మాత్రం కాగితాల సంచీతో వచ్చింది.

పథకం పేరు మిషన్ వాత్సల్య. 2022లో మార్గదర్శకాలు మార్చాక, అంతకుముందు 2,000 ఉన్న నెలసరి సాయాన్ని 4,000 చేశారు. వందలో అరవై కేంద్రానిది, నలభై మన రాష్ట్రానిది. దీన్ని స్పాన్సర్‌షిప్ అంటారు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఇవ్వొచ్చు. తల్లిదండ్రులు పోయి బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలు దీని పరిధిలోకి వస్తారు. భర్త పోయిన తల్లి పిల్లలూ, భర్త వదిలేసిన తల్లి పిల్లలూ, అమ్మానాన్నలు పెద్ద జబ్బుతో మంచాన పడినవాళ్ల పిల్లలూ వస్తారు. అంగన్‌వాడీలోనో వార్డు సచివాలయంలోనో అడిగితే జిల్లా బాలల సంరక్షణ విభాగానికి దారి చూపిస్తారు. మంజూరు చేసేది జిల్లా స్థాయి కమిటీ. పిల్లాడు బడి మానకూడదు. హాస్టల్లో వేస్తే ఈ డబ్బు ఆగిపోతుంది, ఎందుకంటే ఇది బిడ్డ ఇంట్లో, అయినవాళ్ల మధ్య పెరగడానికి ఇచ్చేది. "మీ వల్ల ఏమవుతుంది, హాస్టల్లో పడేయండి" అని సలహాలిచ్చే పెద్దమనుషులు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

ఇక నాకు నచ్చనిది. ఆదాయ పరిమితి. పల్లెలో ఏడాదికి 72,000, పట్నంలో 96,000. అంటే గాజువాకలో నెలకి 8,000 దాటితే అర్హత పోయినట్టే. తాత అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్, అమ్మమ్మ రెండిళ్లలో గిన్నెలు తోముతుంది. ఇద్దరిదీ కలిపి లెక్కేయండి. పనికి పోయే ఓపిక ఉండటమే వాళ్ల తప్పవుతోంది. ఈ అంకె మారాలని అర్జీ పెట్టేవాళ్లుంటే మొదటి సంతకం నాది.

కాగితాల దగ్గర ఇంకో కథ. ఇది సింహాచలం అప్పన్న ఊరు. మన ఇళ్లలో పేర్లు మీకు తెలుసు కదా. ఆవిడ సంచీలో అల్లుడి పేరు ఆధార్‌లో అప్పలనరసయ్య, మరణ ధ్రువపత్రంలో అప్పలనర్సయ్య. ఒక ఆఫీసులో ఇద్దరూ వేరు మనుషులన్నారు! ఆ ఒక్క అక్షరానికి మూడు నెలలు తిరిగాం. అసలు చావు నమోదే కానివాళ్ల గతి ఇంకా కష్టం. 21 రోజుల్లో చెప్పాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. దినాలు జరిపించే హడావుడిలో ఈ సంగతి ఎవరికి గుర్తొస్తుంది?

పోయినవాళ్లకి కాగితమైనా ఉంటుంది, వెళ్లిపోయినవాళ్లకి అదీ ఉండదు. తండ్రి పనికని వెళ్లి తిరిగి రాలేదు, తల్లి మళ్లీ పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది, పిల్ల నాయనమ్మ దగ్గర మిగిలింది. మనిషి జాడ లేకపోతే చనిపోయినట్టు భావించడానికి చట్టం ఏడేళ్లు ఆగమంటుంది. ఈలోగా పిల్ల టెన్త్ రాసేస్తుంది. ఇలాంటప్పుడు బాలల సంక్షేమ సమితి ముందుకు వెళ్లాలి. తల్లిదండ్రుల ఆచూకీ దొరకని బిడ్డ కూడా సంరక్షణ అవసరమైన బిడ్డేనని 2015 బాలల న్యాయ చట్టం చెబుతోంది. గుజరాత్‌లో తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్న సంగతి మటుకు తేల్చేశారు. అక్కడి పాలక మాతాపిత యోజనలో తండ్రి పోయి తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్నా, బిడ్డను పెంచే బంధువుకి నెలకి 3,000 ఇస్తారు. రాజస్థాన్‌లో పాలన్‌హార్ పథకం ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. మన దగ్గర పెంచేవాళ్ల పేరు మీద అలాంటి పథకం ఒకటి ఉంటే బాగుండును.

పెంచడం వేరు, చట్టం దృష్టిలో సంరక్షకులు కావడం వేరు. మనవరాలి పేరున సుకన్య సమృద్ధి అనే ఆడపిల్లల పొదుపు ఖాతా తెరిచిన తాతలూ అమ్మమ్మలూ ఈ హాల్లో ఉండే ఉంటారు. చట్టపరమైన సంరక్షకులు కాని తాత నాయనమ్మలు తెరిచిన ఖాతాల్ని తల్లిదండ్రుల పేరుకో, చట్టం ఒప్పుకునే సంరక్షకుల పేరుకో మార్చాలని 2024 అక్టోబరు 1 నుంచి నిబంధన వచ్చింది. అమ్మానాన్నలు లేని పిల్లకి ఎవరి పేరుకు మారుస్తారు? అప్పుడు 1890 నాటి గార్డియన్స్ చట్టం కింద కోర్టుకెళ్లాల్సిందే. లేదంటే బంధువులు దత్తత కూడా తీసుకోవచ్చు. బాబాయి, మేనమామ, పిన్ని, అత్త, తాతలు, అమ్మమ్మ నాయనమ్మలు చట్టం చెప్పే బంధువుల జాబితాలో ఉన్నారు. తమ్ముణ్ణి కన్నకొడుకులా సాకుతున్న అక్క మాత్రం అందులో లేదు. ఎందుకు లేదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

చెంగల్రావుపేట ఆవిడ సంగతి చెప్పి ముగిస్తాను. మంజూరు కావడానికి పది నెలలు పట్టింది. బ్యాంకులో జాయింట్ ఖాతా తెరిచే రోజు ఆవిడ వేలిముద్రని మిషన్ తీసుకోలేదు. రొయ్యలు ఒలిచి ఒలిచి గీతలు అరిగిపోయాయి. చెంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది, నాలుగోసారికి పడింది. పక్కన మనవడు తెలుగులో సంతకం పెట్టి, తన పేరు సరిగ్గా ఉందో లేదో వాళ్ల అమ్మమ్మ కోసం పైకే చదివాడు.

మొన్న ఫిబ్రవరిలో మళ్లీ వచ్చింది, ఈసారి వెంట ఇంకో ఆవిణ్ణి తీసుకుని. "మా వీధే. ఈవిడ ఆడపడుచు పిల్లని సాకతంది. ఈవిడకీ కాయితం రాయండమ్మా" అంది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "నాకెంతొస్తందో మాత్రం ఈవిడకి సెప్పకండి" అని మెల్లగా చెప్పి వెళ్లింది.