కంప్యూటర్ స్టార్ట్ కావట్లేదా? ఏ సామాను కొనాలి, ఏది వద్దు: నా రివ్యూ

నమస్కారమండీ. ఈరోజు టేబుల్ మీద ఐదు వస్తువులు పెట్టాను. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపల అన్నిటికీ కరెంట్ అందించే డబ్బా) టెస్టర్, మదర్‌బోర్డుకి (అన్ని పార్టులూ తగిలించే పెద్ద బోర్డు) తగిలించే బుల్లి స్పీకర్, డయాగ్నోస్టిక్ కార్డు, బటన్ సెల్, ఒక పెన్‌డ్రైవ్. ఇంట్లో కంప్యూటర్ మొరాయించినప్పుడు వీటిలో ఏది నిజంగా పనికొస్తుందో, ఏది డబ్బు దండగో చూద్దాం. ఇలాంటివన్నీ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మనం సీటీసీ అంటాం కదా, అక్కడ దొరుకుతాయి. అన్నీ నా డబ్బులతోనే కొన్నాను, ఎవరూ పంపలేదు.

ఈ వీడియో ఎందుకు చేస్తున్నానో ముందే చెప్పేస్తాను. "బోర్డు పోయింది" అన్న మాట మన ఊళ్లో మరీ తేలిగ్గా అనేస్తున్నారు. ఇదిగో, ఈ పక్కన విప్పి పెట్టిన క్యాబినెట్ మల్కాజ్‌గిరిలో ఉండే మా పిన్ని వాళ్లది. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు. వాళ్లమ్మాయి ఎంసెట్ (ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు) మాక్ టెస్టులు రాసుకునేది దీని మీదే. దగ్గర్లో ఒక షాపుకి తీసుకెళ్తే, మూత తీసి చూసి, బోర్డు పోయిందన్నారు. ఈ మోడల్ బోర్డు ఇప్పుడు రాదు కాబట్టి కొత్త బోర్డు, దానికి తగ్గ ప్రాసెసర్, ర్యామ్ (మెమరీ పట్టీలు) కొనమన్నారు. అంటే దాదాపు కొత్త కంప్యూటరే. పరీక్షలు దగ్గరపడిన పిల్ల ఉన్న ఇంట్లో ఆ మాట ఎంత టెన్షన్ పెడుతుందో మీకు తెలుసు. కాబట్టి ఈ సామాన్లన్నీ దీని మీదే పెట్టి చూద్దాం.

అంతకంటే ముందు ఒక్క విషయం. మనం పవర్ బటన్ నొక్కగానే జరిగే పనులకు ఒక వరస ఉంటుంది. మొదట ఎస్‌ఎంపీఎస్ ఓల్టేజీలు నిలదొక్కుకుని, అంతా బాగుందని బోర్డుకి ఒక సిగ్నల్ ఇస్తుంది. అది అర సెకను లోపే అయిపోతుంది. అప్పుడు ప్రాసెసర్ మేలుకుని, బోర్డు మీది చిప్‌లో ఉన్న బయాస్‌ని, అంటే కంప్యూటర్‌ని లేపే మొదటి ప్రోగ్రామ్‌ని, చదువుతుంది. బయాస్ ర్యామ్‌ని చూస్తుంది, డిస్‌ప్లేని చూస్తుంది, ఆ తర్వాత డిస్క్ వెతుకుతుంది. విండోస్ వంతు వచ్చేది చిట్టచివర. ఈ వరసలో బండి ఎక్కడ ఆగిందో తెలుసుకోకుండా ఏ పార్ట్ కొన్నా అది జూదమే. నేను ఈ వస్తువులకు మార్కులు వేసేది కూడా దాన్నిబట్టే: ఎక్కడ ఆగిందో ఇది చెప్పగలదా, లేదా?

ఎస్‌ఎంపీఎస్ టెస్టర్‌తో మొదలుపెడదాం. 24 పిన్నుల పెద్ద కనెక్టర్ని బోర్డు నుంచి తీసి దీనికి గుచ్చాలి. ఇక్కడ చూడండి, స్క్రీన్ మీద అంకెలు వచ్చాయి. 12 ఓల్టుల లైన్ 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. 5 ఓల్టులది 4.75 నుంచి 5.25. 3.3 ఓల్టులది 3.14 నుంచి 3.47. పిన్ని వాళ్లది అన్నిట్లోనూ పాసైంది. బాగానే ఉంది కానీ, ఈ టెస్టర్ ఎస్‌ఎంపీఎస్ మీద అసలైన లోడ్ వేయదు. ఊరికే ఉన్నప్పుడు 12 చూపించి, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ లాగడం మొదలుపెట్టగానే చతికిలబడే ఎస్‌ఎంపీఎస్‌లు ఉంటాయి. వాటిని ఇది పట్టుకోలేదు. నలుగురికీ రిపేర్లు చేసేవాళ్లు కొనుక్కోండి. ఒక్క ఇంటికి, ఒక్క కంప్యూటర్‌కి అక్కర్లేదు.

అసలు లైటూ ఫ్యానూ ఏదీ రాకపోతే ముందు గోడ దగ్గరికి వెళ్లండి. అదే ప్లగ్‌లో టేబుల్ ఫ్యాన్ పెట్టి తిప్పి చూడండి. స్పైక్ బస్టర్ తీసేసి నేరుగా గోడకే పెట్టి చూడండి. క్యాబినెట్ వెనకాల ఎస్‌ఎంపీఎస్‌కి చిన్న స్విచ్ ఉంటుంది, ఇల్లు తుడిచేటప్పుడు చేయి తగిలి ఆఫ్ అయిపోతుంది. ప్రాసెసర్ పక్కన, బోర్డు పై మూలలో 4 లేదా 8 పిన్నుల కనెక్టర్ ఇంకొకటి ఉంటుంది. అది ఊడితే ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, ప్రాసెసర్‌కి మాత్రం కరెంట్ అందదు. పవర్ బటన్ మీదే అనుమానముంటే, పవర్ స్విచ్ అని రాసి ఉన్న రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలిపి చూడండి. ఆన్ అయిందంటే చెడింది బటనే.

గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎవరూ విప్పొద్దు. ప్లగ్ పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో ప్రాణం మీదికి తెచ్చేంత కరెంట్ నిలిచి ఉండొచ్చు. క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడుతుంటే మీ ఇంటి ఎర్తింగ్ సరిగ్గా లేదని అర్థం. పాత ఇళ్లల్లో మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల కన్వర్టర్‌తో పెడుతుంటారు, అక్కడ కూడా ఇదే బాధ. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి, కంప్యూటర్ సంగతి తర్వాత.

ఇక ఇది. కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. నల్లగా, చిటికెన వేలి గోరంత బుడిపె, దానికి రెండు సన్నని వైర్లు, చివర నాలుగు రంధ్రాల కనెక్టర్. వంద రూపాయల లోపే. ఈ ఐదింటిలో నేను అందరికంటే ఎక్కువ మార్కులు వేసేది దీనికే. చాలా బోర్డుల్లో కింది అంచున, పవర్ బటన్ వైర్లు పెట్టే చోట, స్పీకర్ అని రాసిన నాలుగు పిన్నులుంటాయి. అక్కడ పెట్టాలి. ఒకప్పుడు ప్రతి క్యాబినెట్‌తోనూ ఇది వచ్చేది, ఇప్పుడు ఇవ్వట్లేదు. అందుకే మన కంప్యూటర్లు తమ బాధ చెప్పుకోలేకపోతున్నాయి.

పెట్టి ఆన్ చేస్తున్నాను, వినండి. పొడుగ్గా ఒక బీప్, ఆగి మళ్లీ అదే. ప్రాణం లేని బోర్డు ఇలా అరవదు! అంటే ప్రాసెసర్ నడుస్తోంది, బయాస్ నడుస్తోంది, ఆ తర్వాతి మెట్టులో దానికేదో దొరకట్లేదు. ఇప్పుడు ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ని కాసేపు నొక్కి పట్టుకుంటాను, మిగిలిన కరెంట్ పోవడానికి. ర్యామ్ రెండూ తీసేసి మళ్లీ ఆన్ చేస్తున్నాను. అదే బీప్. ర్యామ్ ఉన్నా లేకపోయినా ఒకేలా అరుస్తోందంటే, పెట్టిన ర్యామ్ దానికి కనిపించట్లేదన్నమాట.

ర్యామ్ కింది అంచు చూడండి. బంగారు రంగు గీతలు తళతళలాడాలి. ఇక్కడ ఈ మూల మసకబారి, సన్నని పొరలా పట్టింది, చూశారా? వేసవంతా దుమ్ము, జూన్ నుంచి తేమ. కిటికీ పక్కన పెట్టిన కంప్యూటర్‌కి ఇది మామూలే. పిల్లల తెల్ల రబ్బరు తీసుకుని, గీతల వెంబడి ఒకే దిక్కులో నెమ్మదిగా రుద్దాలి. ఇసుకలా గరుకుగా ఉండే నీలం రబ్బరు వాడొద్దు, ఆ పూత లేచిపోతుంది. రబ్బరు పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి. స్లాట్లో కూడా పొడి బ్రష్ ఒకసారి ఆడించండి. తర్వాత ఒక్క ర్యామ్ మాత్రమే పెట్టి, రెండు వైపులా క్లిక్ అని వినిపించేదాకా నొక్కాలి. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో ఎక్కువగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదే ఒంటి ర్యామ్‌కి సరైన చోటు.

ఆన్ చేస్తున్నాను. చిన్నగా ఒక్క బీప్... వచ్చింది! లోగో వచ్చింది, చూడండి. రెండో ర్యామ్ కూడా పెట్టి చూశాను, బాగానే ఉంది. పోయిందన్న బోర్డు ఇదేనండీ. మీ దగ్గర ఇలాగే అవుతుందని నేను మాటివ్వలేను. ర్యామ్ నిజంగానే పోయి ఉండొచ్చు, స్లాట్ పోయి ఉండొచ్చు, కొన్నిసార్లు బోర్డే పోయి ఉండొచ్చు. కానీ ఈ పరీక్ష చేయకుండా బోర్డు పోయిందనడం అన్యాయం.

బీప్‌ల లెక్క బయాస్ కంపెనీని బట్టి మారుతుంది. ఏఎంఐది ఒక తీరు, అవార్డ్‌ది ఒక తీరు. బ్రాండెడ్ కంప్యూటర్లు సొంత లెక్క పెట్టుకుంటాయి. మీ బోర్డు మాన్యువల్లో చూసుకోండి. కొత్త బోర్డుల్లో చాలావాటికి సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ (అంటే ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే, డిస్క్) అని నాలుగు చిన్న లైట్లుంటాయి, ఏ లైటు దగ్గర ఆగిపోతే అక్కడే తేడా. అలాంటి బోర్డుంటే స్పీకర్ కూడా కొనక్కర్లేదు. డీడీఆర్5 ర్యామ్ కొత్తగా వేసినవాళ్లు కంగారు పడకండి, మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. విడిగా గ్రాఫిక్స్ కార్డు వేసుకున్నవాళ్లు మానిటర్ కేబుల్ ఆ కార్డుకే పెట్టారా, బోర్డుకి పెట్టారా అన్నది కూడా చూసుకోండి.

డయాగ్నోస్టిక్ కార్డు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఇది పాత పీసీఐ స్లాట్లో పెట్టేది, రెండంకెల కోడ్ చూపిస్తుంది. ఇప్పటి బోర్డుల్లో ఆ స్లాట్ రావట్లేదు. కొనొద్దు.

బటన్ సెల్, సీఆర్2032. మూడు ఓల్టులది, ఏ వాచీల షాపులోనైనా దొరుకుతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతున్నా, ఎఫ్1 నొక్కమని అడుగుతున్నా ముందు దీన్ని మార్చండి. మార్చాక ఒక జాగ్రత్త. సెల్ తీస్తే చాలా బోర్డుల్లో బయాస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. వాటిలో డిస్క్‌తో బోర్డు ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పే సెట్టింగ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో, అటు నుంచి ఇటుకో మారిపోతే, నిన్నటిదాకా నడిచిన విండోస్ బ్లూ స్క్రీన్ ఇస్తుంది. అది చూసి ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లు ఉన్నారు. ఆ ఒక్క సెట్టింగ్ వెనక్కి పెడితే సరిపోయేది. అందుకే సెల్ తీసే ముందు బయాస్ తెరుచుకుంటే, ప్రతి పేజీని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.

చివరిది పెన్‌డ్రైవ్. లోగో దాకా వచ్చి ఆగిపోయే కంప్యూటర్‌కి ఇదే దిక్కు. దీనిలో వెంటాయ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాను. ఒకసారి వేస్తే చాలు, ఆ తర్వాత ఐఎస్ఓ ఫైళ్లని (ఒక డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసినవి) పాటలు కాపీ చేసినట్టు దీనిలోకి కాపీ చేసుకోవడమే. స్టార్ట్ చేస్తే మెనూ వస్తుంది. నేను పెట్టినవి మూడు: లైనక్స్ మింట్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్), మెమ్‌టెస్ట్86 ప్లస్ (ర్యామ్‌ని పరీక్షించేది), విండోస్ ఇన్‌స్టాలర్. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే స్టార్ట్ కానిచ్చే కాపలా) ఆన్‌లో ఉన్న కంప్యూటర్లో మొదటిసారి ఒక నీలం స్క్రీన్ వచ్చి అడ్డుపడుతుంది. అక్కడ కీ ఎన్‌రోల్ చేయాలి, అంటే వెంటాయ్‌ని నమ్మొచ్చని కంప్యూటర్‌కి చెప్పాలి. కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు, అందుకే కొన్ని మార్కులు తగ్గించాను.

డిస్క్‌లో పెళ్లి ఫోటోలు, ఇంటి కాగితాల స్కాన్లు ఉన్నాయనుకోండి. రిపేరు మొదలుపెట్టకముందే మింట్‌ని ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, అవన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. దయచేసి ఈ పని ముందు చేయండి. డిస్క్ టిక్ టిక్ మంటుంటే మాత్రం దాన్ని మళ్లీ మళ్లీ ఆన్ చేయకండి, ప్రతిసారీ ఇంకాస్త పాడవుతుంది. ఆ డేటా తప్పకుండా కావాలంటే రికవరీ చేసేవాళ్లకే ఇవ్వండి. విండోస్ 11 ఉన్న కంప్యూటర్లలో డిస్క్ బిట్‌లాకర్‌తో, అంటే విండోస్‌లోనే ఉండే తాళంతో, లాక్ అయి ఉండొచ్చు. అప్పుడు 48 అంకెల రికవరీ కీ కావాలి. చాలామందిది వాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్లోనే ఉంటుంది. కంప్యూటర్ బాగున్నప్పుడే వెళ్లి అది రాసి పెట్టుకోండి.

2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో తేడా వచ్చి, ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ కంప్యూటర్లలో హార్డ్‌వేర్ ఏదీ చెడిపోలేదు. సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైనవి మాత్రమే నడిపే విండోస్) వెళ్లి, అప్‌డేట్‌తో వచ్చిన ఆ ఒక్క ఫైలు తీసేస్తే లేచి కూర్చున్నాయి. బిట్‌లాకర్ ఉన్నచోట ముందు ఆ కీ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంట్లో కూడా అంతే. విండోస్ వరసగా స్టార్ట్ కాలేకపోతే రిపేర్ మెనూ దానంతటదే వస్తుంది. అక్కడ స్టార్టప్ రిపేర్, కొత్త అప్‌డేట్ తీసేయడం, సేఫ్ మోడ్, ఈ వరసలో వెళ్లండి. విండోస్‌ని మళ్లీ కొత్తగా వేసే రీసెట్ జోలికి చిట్టచివర వెళ్లండి.

మధ్యమధ్యలో బ్లూ స్క్రీన్ వస్తుంటే రాత్రి మెమ్‌టెస్ట్ పెట్టి పడుకోండి. పొద్దున ఒక్క ఎర్ర గీత కనిపించినా ర్యామ్‌లను విడివిడిగా పరీక్షించాలి.

ఇంతా చేసి షాపుకే వెళ్లాల్సి వస్తే, ఏ పరీక్ష చేసి బోర్డు పోయిందంటున్నారో అడగండి, తీసిన పార్టు తిరిగి ఇమ్మనండి. మంచి మెకానిక్ ఆ ప్రశ్నకి ఏమీ అనుకోడు, చూపించి మరీ చెప్తాడు. మీ కంప్యూటర్ ఇంకా మొరాయిస్తుంటే కింద కామెంట్లో బోర్డు మోడల్, బీప్‌లు ఎలా వస్తున్నాయో, స్క్రీన్ మీద కనిపించిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టుగా రాయండి. ఒక్కొక్కటీ చదివి జవాబిస్తాను.