గజం దూరంలో ఆగిపోయిన సీజన్: టెక్సాస్ లాంగ్‌హార్న్స్ 2024 సమీక్ష, 2025 మార్పులు

నమస్కారం మిత్రులారా. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లాంగ్‌హార్న్స్ 2024 సీజన్‌ను, ఆ తర్వాత 2025 ఆగస్టు దాకా జట్టులో వచ్చిన మార్పులను, 2025 సీజన్ మొదలుకాకముందు తీసిన ఈ వీడియోలో సమీక్షిస్తున్నాను. ముందుగా ఒక విషయం చెప్పాలి. పాత ఆటలను మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చూపించే ఒక స్ట్రీమింగ్ సంస్థ ఈ వీడియో కోసం నాకు ఏడాది చందా ఉచితంగా ఇచ్చింది. నేను ఏమి మాట్లాడాలో వారు చెప్పలేదు, వీడియోను ముందుగా చూడలేదు. ఆ చందా పుణ్యమా అని 2025 జనవరి 10 నాటి కాటన్ బౌల్, అంటే జాతీయ ప్లేఆఫ్ సెమీఫైనల్, చివరి ఘట్టాన్ని ఆపి, వెనక్కి తిప్పి, ఒక్కొక్క ఆటగాడి కాళ్ల కదలికను చూడగలిగాను. అందువల్ల ఈ వీడియోలో ఎక్కువ సమయం ఆ ఘట్టానికే పోతుంది.

స్కోర్లు, ర్యాంకులు మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు కాబట్టి వాటిని ఏకరువు పెట్టను. జట్టు 13 గెలిచి 3 ఓడింది. ఎస్.ఇ.సి. అనే ఆగ్నేయ రాష్ట్రాల విశ్వవిద్యాలయాల కాన్ఫరెన్స్‌లో (లీగ్‌లో) అడుగుపెట్టిన మొదటి ఏడాదే ఆ కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లింది. ఆన్ ఆర్బర్‌లో మిషిగన్‌ను 31-12తో, డల్లాస్‌లో ఓక్లహోమాను 34-3తో ఓడించింది. 2011 తర్వాత తిరిగి మొదలైన పాత వైరంలో టెక్సాస్ ఎ అండ్ ఎంను వాళ్ల సొంత మైదానంలోనే 17-7తో నిలువరించింది. జార్జియా చేతిలో మాత్రం రెండుసార్లు ఓడింది, అందులో రెండోది ఓవర్‌టైమ్‌లో 22-19. ప్లేఆఫ్‌లో క్లెమ్సన్‌ను, అరిజోనా స్టేట్‌ను దాటి సెమీఫైనల్‌కు చేరి, ఒహాయో స్టేట్ చేతిలో 28-14తో ఇంటిదారి పట్టింది. ఆ ఒహాయో స్టేట్ జట్టే పది రోజుల తర్వాత నోటర్ డామ్‌ను ఓడించి జాతీయ విజేత అయింది.

ఇప్పుడు ఆ సెమీఫైనల్ సంగతి. ఆర్లింగ్టన్ స్టేడియంలో ఆ రాత్రి నేనూ ఉన్నాను. డల్లాస్ శివార్లైన ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు మా వరుసలోనే చాలా కనిపించాయి. వారి పిల్లల్లో కొందరు ఆస్టిన్‌లో చదువుతున్నవారు. మొదటి సగం ముగియబోతుండగా ఒహాయో స్టేట్ ఆటగాడు ట్రెవియాన్ హెండర్సన్ ఒక చిన్న పాస్ అందుకుని 75 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ (గోల్ లైన్ దాటితే వచ్చే ఆరు పాయింట్లు) చేసినప్పుడు కూడా ఆ వరుస డీలా పడలేదు, ఎందుకంటే ఆ తప్పును దిద్దుకోవడానికి ఇంకా సగం ఆట మిగిలి ఉంది. నాలుగో క్వార్టర్లో 21-14తో వెనుకబడిన టెక్సాస్, ప్రత్యర్థి పెనాల్టీల సాయంతో గోల్ లైన్‌కు ఒకే ఒక్క గజం దూరానికి చేరింది. చేతిలో నాలుగు ప్రయత్నాలు ఉన్నాయి, అవి తీరేలోగా ఆ గీత దాటకపోతే బంతి ప్రత్యర్థికి పోతుంది.

మొదటి ప్రయత్నంలో రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తే ఆటగాడు) జెరిక్ గిబ్సన్ లైన్ మధ్యలోకి, అంటే ముందు వరుసలో ఒకరినొకరు నెట్టుకునే భారీ ఆటగాళ్ల మధ్యలోకి, దూసుకెళ్లాడు, అంగుళం కూడా దొరకలేదు. నన్ను ఇప్పటికీ కలచివేసేది రెండో ప్రయత్నం. బంతిని పక్కకు విసిరి మరో రన్నింగ్ బ్యాక్ క్వింట్రెవియాన్ విజ్నర్‌కు అందించారు. ఒక్క గజం ముందుకు వెళితే చాలు అన్నచోట, బంతిని అందుకునే మనిషిని ముందు వెనక్కి తీసుకెళ్లి, ఆ తర్వాత అడ్డంగా పరుగెత్తించారు. కబడ్డీలో మధ్యగీత చేతికి జానెడు దూరంలో ఉన్నప్పుడు రైడర్ ఆ గీతను వదిలేసి మైదానం చివరకు పరుగు తీస్తే ఎలా ఉంటుందో, అది అలా ఉంది. ఒహాయో స్టేట్ ఆటగాళ్లు ముందే పసిగట్టినట్టు ఆ వైపుకు చేరుకున్నారు, 7 గజాలు పోయాయి. వీడియోను ఆపి చూస్తే, విజ్నర్ బంతి పట్టుకునే క్షణానికే అతని ముందు దారి లేదని స్పష్టంగా కనిపిస్తుంది. ఒక గజం కాస్తా ఎనిమిది గజాలైంది. మూడో ప్రయత్నంలో పాస్ ఎవరికీ అందలేదు. నాలుగో ప్రయత్నంలో ఒహాయో స్టేట్ ఆటగాడు జాక్ సాయర్ వెనుక నుంచి వచ్చి, టెక్సాస్ క్వార్టర్‌బ్యాక్ (పాసులు వేసే ఆటగాడు) క్విన్ యూయర్స్ చేతిలోని బంతిని కొట్టి, దాన్ని తానే ఏరుకుని 83 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. యూయర్స్ టెక్సాస్‌కు రాకముందు ఒహాయో స్టేట్‌లో గడిపిన ఒక్క సీజన్‌లో అతనితో ఒకే గదిలో ఉన్నవాడు ఈ సాయరే.

ఈ ఓటమిని చాలామంది సాయర్ ప్రతిభకు, యూయర్స్ దురదృష్టానికి ఆపాదించారు. సాయర్ ప్రతిభను నేనూ మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ ఆ నాలుగో ప్రయత్నం ఎనిమిది గజాల నుంచి ఆడవలసిన అవసరం ఎందుకు వచ్చిందో కూడా అడగాలి. ఇది ఒక్క రాత్రి జరిగిన పొరపాటు అయితే ఇంతసేపు మాట్లాడేవాణ్ణి కాదు. 2023లో ఓక్లహోమా మీద ఇదే జట్టు ఇలాగే ఒక గజం దగ్గర నాలుగు ప్రయత్నాలూ వృథా చేసుకుని 34-30తో ఓడింది. ఆ సీజన్ చివర షుగర్ బౌల్‌లో వాషింగ్టన్ గోల్ లైన్ దగ్గరికి వెళ్లి, చివరి సెకన్లలో వేసిన పాసులు ఫలించక 37-31తో ఓడింది. మూడుసార్లూ ఆట ఎత్తుగడలు నిర్ణయించినది హెడ్ కోచ్ స్టీవ్ సర్కీసియన్, లైన్‌ను తీర్చిదిద్దినది కైల్ ఫ్లడ్. మైదానం మధ్యలో సర్కీసియన్ వేసే ఎత్తుల అందం నాకు ఎంతో ఇష్టం. ప్రత్యర్థిని ఒకవైపు చూడనిచ్చి మరోవైపు కొట్టడంలో ఆయనకు సాటి వచ్చే కోచ్‌లు తక్కువ. గోల్ లైన్ దగ్గర మాత్రం ఆ అందమే అడ్డు వస్తోంది. అక్కడ చోటు ఉండదు, మోసపోవడానికి ప్రత్యర్థికి సమయం ఉండదు, ఎదుటి మనిషిని నెట్టగలిగినవాడే గెలుస్తాడు.

2023 జట్టును ఇక్కడ తలచుకోవాలి. ఆ జట్టులో టివాండ్రె స్వెట్ అనే భారీకాయుడు ఉండేవాడు, డిఫెన్స్‌లో ఆడుతూ, లైన్ మధ్యలో ఆడే ఉత్తమ ఆటగాడికి ఇచ్చే అవుట్‌లాండ్ ట్రోఫీ గెలిచినవాడు. అప్పటికి టెక్సాస్ ఉన్న బిగ్ 12 కాన్ఫరెన్స్ ఫైనల్లో అతన్ని గోల్ లైన్ దగ్గర అఫెన్స్‌లోకి దింపితే పాస్ పట్టుకుని టచ్‌డౌన్ చేశాడు. ఆ రోజు చూపిన మొండి ధైర్యం 2024లో కనిపించలేదు. ఆశ్చర్యం ఏమిటంటే 2024లో కూడా ఆ ధైర్యానికి తగిన మనిషి బెంచీ మీదే ఉన్నాడు. ఎ అండ్ ఎంతో ఆటలో నాలుగో ప్రయత్నానికి 2 గజాలు కావలసినప్పుడు యూయర్స్ వెనుక రెండో క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్న ఆర్చ్ మానింగ్‌ను దింపారు, అతను 15 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 6 అడుగుల 4 అంగుళాల ఎత్తు, బలమైన కాళ్లు, శాన్ ఆంటోనియోలోని యు.టి.ఎస్.ఎ. జట్టు మీద 67 గజాలు పరుగెత్తి చూపిన వేగం. ఇవన్నీ ఉన్న కుర్రవాణ్ణి ఆర్లింగ్టన్‌లో ఆ ఒక్క గజం దగ్గర నాలుగు ప్రయత్నాల్లో ఒక్కసారి కూడా పిలవకపోవడం ఈ సీజన్ మొత్తంలో నేను జీర్ణించుకోలేని నిర్ణయం.

యూయర్స్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. గాయాలతో ఆడుతూనే పాసుల్లో 3,472 గజాలు, 31 టచ్‌డౌన్లు సాధించాడు. అరిజోనా స్టేట్ మీద ఆడిన పీచ్ బౌల్‌లో నాలుగో ప్రయత్నానికి 13 గజాలు కావలసిన ఓవర్‌టైమ్ క్షణంలో మాథ్యూ గోల్డెన్‌కు వేసిన 28 గజాల టచ్‌డౌన్ పాస్‌ను ఈ తరం అభిమానులు మరచిపోరు. అలాంటివాణ్ణి వృత్తి లీగ్ ఎన్.ఎఫ్.ఎల్. కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మయామీ డాల్ఫిన్స్ ఏడో రౌండ్‌లో 231వ ఎంపికగా తీసుకోవడం చూసి మనసు కష్టపడింది.

ఇక మార్పులు. 2025 డ్రాఫ్ట్‌లో టెక్సాస్ నుంచి 12 మంది వెళ్లారు. లెఫ్ట్ ట్యాకిల్ కెల్విన్ బ్యాంక్స్ 9వ ఎంపిక, కార్నర్‌బ్యాక్ జాదే బారన్ 20వ ఎంపిక, గోల్డెన్ 23వ ఎంపిక. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద మార్పు అఫెన్సివ్ లైన్‌లో ఉంది. అయిదుగురిలో నలుగురు వెళ్లిపోయారు, గార్డ్ డి.జె. క్యాంప్‌బెల్ ఒక్కడే మిగిలాడు. బ్యాంక్స్ స్థానంలోకి వస్తున్న ట్రెవర్ గూస్బీ, ఇతరుల గాయాల వల్ల గత సీజన్ చివర్లో పెద్ద ఆటల్లోనే అనుభవం సంపాదించాడు. అతని గురించి నాకు దిగులు లేదు. మధ్యలో సెంటర్‌గా కోల్ హట్సన్, కుడివైపు బ్రాండన్ బేకర్ ఆడతారని అంచనా. ఒక గజం కావలసినప్పుడు భారమంతా లైన్ మధ్యలోని సెంటర్, అతనికి రెండు పక్కలా ఉండే గార్డుల మీదే పడుతుంది. ఆ ముగ్గురి మధ్య సమన్వయం ఎంతవరకు కుదిరిందో చూడటానికి 2025 వసంతంలో స్ప్రింగ్ గేమ్ (జట్టు తనలో తాను ఆడుకునే ప్రదర్శన ఆట) కూడా లేదు, సర్కీసియన్ దాన్ని రద్దు చేశారు. ఆటగాళ్ల అలసటను, గాయాలను దృష్టిలో పెట్టుకుంటే అది న్యాయమైన నిర్ణయమే అయినా, నాలాంటి వాడికి చూడవలసినది చూసే అవకాశం పోయింది.

పరుగు విషయంలో శుభవార్త ఉంది. 2024 ఆగస్టులో మోకాలి గాయంతో సీజన్ మొత్తం పోగొట్టుకున్న రన్నింగ్ బ్యాక్ సి.జె. బాక్స్‌టర్ తిరిగి వస్తున్నాడు. వెయ్యి గజాలు దాటిన విజ్నర్‌కు అతని బరువు, బలం తోడైతే గోల్ లైన్ దగ్గర బంతిని పక్కకు విసరవలసిన అవసరం ఉండకూడదు. రన్నింగ్ బ్యాక్స్ కోచ్ తషార్డ్ చాయిస్ డెట్రాయిట్ లయన్స్‌కు వెళ్లగా చాడ్ స్కాట్ వచ్చారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన టైట్ ఎండ్ (లైన్ పక్కన నిలబడి పాసులు కూడా పట్టే ఆటగాడు) జాక్ ఎండ్రీస్, గన్నర్ హెల్మ్ లేని లోటును కొంత తీర్చగలడు.

డిఫెన్స్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ నాకు నమ్మకం ఉంది. ఆంథొనీ హిల్, కాలిన్ సిమ్మన్స్, మైకేల్ టాఫ్ మిగిలారు. లైన్ మధ్యలో ఖాళీలను నింపడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారదలచిన ఆటగాళ్ల జాబితా) నుంచి ట్రావిస్ షా, కోల్ బ్రెవార్డ్, మరాద్ వాట్సన్, హీరో కాను వచ్చారు, వీరిలో కాను ఒహాయో స్టేట్ నుంచి వచ్చినవాడే. వీటన్నిటికంటే నాకు సంతోషం కలిగించిన వార్త డిఫెన్సివ్ బ్యాక్స్ కోచ్ డ్వేన్ అకీనా తిరిగి రావడం. మైకేల్ హఫ్, ఆరన్ రాస్ వరుసగా 2005, 2006లలో ఉత్తమ డిఫెన్సివ్ బ్యాక్‌కు ఇచ్చే థార్ప్ అవార్డు గెలిచినప్పుడు వారికి శిక్షణ ఇచ్చినది ఆయనే. 2024లో అదే అవార్డు గెలిచిన బారన్ వెళ్లిపోయిన ఏడాది ఆయన రావడం కంటే మేలు ఇంకేముంటుంది?

కికింగ్ కూడా మారింది. పీచ్ బౌల్ చివరి నిమిషాల్లో 48, 38 గజాల ఫీల్డ్ గోల్స్ తప్పిన బర్ట్ ఆబర్న్ మయామీ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు, టెక్సాస్ స్టేట్ నుంచి మేసన్ షిప్లీ వచ్చాడు. గోల్ లైన్ దగ్గర టచ్‌డౌన్ రాకపోయినా మూడు పాయింట్లు ఖాయం అనుకోగలిగితే కోచ్ మనసు కూడా కుదుటపడుతుంది.

ఇప్పుడు నా తీర్పు. చరిత్రలో మొదటిసారి, అసోసియేటెడ్ ప్రెస్ (ఎ.పి.) విలేఖరుల 2025 ప్రీసీజన్ పోల్ టెక్సాస్‌ను నంబర్ వన్‌గా నిలిపింది. యూయర్స్ తర్వాత క్వార్టర్‌బ్యాక్ అవుతున్న ఆర్చ్ మానింగ్‌కు, ప్రసిద్ధ ఫుట్‌బాల్ కుటుంబమైన ఆ ఇంటి పేరుకున్న ఆకర్షణ ఆ ఓట్లలో కొంత ఉందని నేను నమ్ముతున్నాను, అయితే 2024లో అతను పాసుల్లో సాధించిన 939 గజాలు, 9 టచ్‌డౌన్లు చూస్తే ఆ ఆకర్షణకు ఆధారం లేకపోలేదు. 2024 సీజన్‌కు నేను పదికి ఎనిమిది ఇస్తాను. పోగొట్టిన రెండు మార్కులూ ఆ ఒక్క గజానివే. 2025 జట్టుకు మాత్రం నా ఓటు మూడో స్థానానికే. నలుగురు కొత్తవాళ్లున్న లైన్ 2025 ఆగస్టు 30న కొలంబస్‌లో, ఒహాయో స్టేట్ సొంత మైదానంలో ఆ జట్టు ఎదుట, లక్ష మంది అరుపుల మధ్య మొదటి ఆట ఆడబోతోంది. ఆ రోజు గోల్ లైన్ ముందు టెక్సాస్ ఒక గజం దూరంలో నిలబడితే, బంతి మానింగ్ చేతిలోనే ఉండాలి, అతను నేరుగా ముందుకే వెళ్లాలి. అతని ముందున్న ముగ్గురు ఎదుటివాళ్లను వెనక్కి నెట్టగలిగితే అదే రాత్రి నా ఓటు మార్చుకుంటాను.