నా వల్లే వచ్చిందా?

అందరికీ నమస్కారం.

పెద్దపేగు క్యాన్సర్ పరిశోధనలో నా పని ఎక్కువగా ప్రశ్నలు అడగడమే. ఏం తినేవారు, ఎంత నడిచేవారు, పొగ తాగేవారా, మద్యం అలవాటు ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు వచ్చిందా అని ఫారం నింపుకుంటూ పోతాను. ఒకసారి ఒక పెద్దావిడ అన్నింటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, చివర్లో మెల్లగా అడిగారు: "అయితే డాక్టరుగారూ, ఇది నా వల్లే వచ్చిందా?"

ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. ఈ రోజు చెప్పేదంతా దాని గురించే.

1895లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలో పనిచేసే వార్తిన్ అనే పాథాలజిస్టుతో, కుట్టుపని చేసే ఒకావిడ తన భయం చెప్పుకున్నారు. మా వాళ్లలో చాలామంది క్యాన్సర్‌తోనే పోయారు, నేనూ అలాగే పోతాను అని. ఆయన ఆ మాట కొట్టిపారేయలేదు. ఏళ్ల తరబడి ఆ కుటుంబం వివరాలు సేకరించి 1913లో ప్రచురించారు. ఆవిడ భయపడినట్టే జరిగింది, క్యాన్సర్‌తోనే చనిపోయారు. 1960లలో హెన్రీ లించ్ అనే అమెరికా డాక్టరు అలాంటి కుటుంబాలను మరికొన్ని గుర్తించారు. డీఎన్‌ఏ కాపీ అయ్యేటప్పుడు దొర్లే తప్పులను దిద్దే జన్యువులు పాడవడమే దీనికి మూలమని 1990లలో తేలింది. ఇదే లించ్ సిండ్రోమ్. తల్లికో తండ్రికో ఉంటే, ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం.

కానీ పెద్దపేగు క్యాన్సర్లన్నింటిలో లించ్ వాటా సుమారు 3 శాతమే. పేగు నిండా వందల పాలిప్‌లు, అంటే లోపలి గోడ మీద చిన్న చిన్న కండ పెరుగుదలలు, పుట్టించే ఏపీసీ జన్యు లోపం అంతకన్నా అరుదు. మిగతావాళ్ల సంగతే అసలు చిక్కు. ఒకే ఇంట్లో ఇద్దరికి వస్తే అది రక్తంలోంచి వచ్చిందా, వంటింట్లోంచి వచ్చిందా? వాళ్లు రెండూ పంచుకున్నారు కదా. అందుకే జన్యువులన్నీ ఒకటిగా ఉండే కవలలను, అలా కాని కవలలతో పోల్చి చూశారు. స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ దేశాల్లో 44,788 కవల జంటలపై చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. మనిషికీ మనిషికీ మధ్య ఈ క్యాన్సర్ రిస్క్‌లో ఉండే తేడాలో దాదాపు 35 శాతం వంశపారంపర్యమని అందులో లెక్క తేలింది. నూటికి 35 మందికి జన్యువుల వల్లే వచ్చిందని కాదు దాని అర్థం. ఈ పొరపాటు చదువుకున్నవాళ్లూ చేస్తుంటారు.

ఇక అలవాట్లు. రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం తింటే రిస్క్ 18 శాతం పెరుగుతుందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం చెప్పింది. నూటికి 18 మందికి వస్తుందేమోనని చాలామంది హడలిపోయారు. నూటికి ఐదుగురికి వచ్చే చోట ఇంచుమించు ఆరుగురికి వస్తుందనుకోండి, అంతే.

పీచు పదార్థం కథ నాకు మరీ ఇష్టం. పీచు ఎక్కువ తినేవాళ్లలో ఈ క్యాన్సర్ తక్కువని లక్షలమందిని గమనించిన అధ్యయనాలు చెప్పాయి. పాలిప్‌లు తీయించుకున్న సుమారు రెండు వేలమంది మీద నాలుగేళ్ల ట్రయల్ చేస్తే మాత్రం తేడా కనిపించలేదు. ఎవరు తప్పు? బహుశా ఎవరూ కాదు. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి పదేళ్లో, అంతకు మించో పడుతుంది. నాలుగేళ్లు చాలకపోయి ఉండొచ్చు.

లించ్ ఉన్నవాళ్లకు ఆస్పిరిన్ ఇచ్చి చూసిన ట్రయల్‌లోనూ ఇదే కనిపించింది. మొదట్లో ప్రయోజనం తెలియలేదు. ఏళ్లు గడిచాక చూస్తే, మందు తీసుకున్నవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్లు తగ్గాయి. రక్తస్రావం ప్రమాదం ఉంది కాబట్టి డాక్టరు చెప్పకుండా ఎవరూ మొదలుపెట్టకండి. కానీ జన్యువు తలరాత కాదని చూపించిన ఈ ఫలితం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ధైర్యం వస్తుంది.

ఆ పెద్దావిడకు నేను చెప్పిన జవాబు ఇది: "లేదమ్మా. వేలమంది లెక్క పట్టుకుని మీ ఒక్కరి మీద తప్పు వేయడానికి వీల్లేదు." తర్వాత ఫారంలో వెనక్కి వెళ్లి చూశాను. "అమ్మ 42 ఏళ్లకే కడుపులో గడ్డతో పోయింది" అని నేనే రాసుకుని ముందుకు వెళ్లిపోయాను. మళ్లీ కూర్చుని వంశవృక్షం గీశాం. మేనమామ పేరూ వచ్చింది. పరీక్షలు చేస్తే లించ్ అని తేలింది. ఆవిడ కూతురికీ ఆ లోపం ఉంది. ఆ అమ్మాయి ఇప్పుడు రెండేళ్లకోసారి కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకుంటోంది. పోయినసారి ఒక పాలిప్ కనిపిస్తే అప్పటికప్పుడే తీసేశారు.