మైకు లేని ప్రార్థన

ప్రభువు నామమున మీ అందరికీ వందనాలు. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు గానీ, నా ముందు మాట్లాడిన ముగ్గురూ చదివేశారు. శాలువా కూడా కప్పారు, ఈ ఎండలో. సంతోషం.

నాకిచ్చిన అంశం 'ఆరాధనలో లోతు'. నాలుగు పాయింట్లు రాసుకొచ్చాను. అవి చెప్తాను. ముందు డోర్నకల్ చర్చి సంగతి.

పోయినేడు సంఘ కమిటీని మూడు వారాలు సెలవడిగాను, ముప్పై ఏళ్ల సేవలో మొదటిసారి. యాత్రకి అనగానే అందరి ముఖాలూ వెలిగాయి. జెరూసలేం అనుకున్నారు. ప్రభుత్వ సాయంతో మనవాళ్లు చాలామంది వెళ్లొచ్చారు కదా. వచ్చాక పోస్టర్లో పేరు పక్కన జె.పి. అని కూడా వేసుకోవచ్చు, జెరూసలేం పిల్‌గ్రిమ్. "కాదండీ, మెదక్, డోర్నకల్" అన్నాను. "వాటికి రెండ్రోజులు చాలు కదయ్యగారూ" అన్నారు కోశాధికారి గారు.

అసలు సంగతేంటంటే, నేను పారిపోయాను. మా గుడికి సౌండ్ సిస్టమ్ కావాలని ఇల్లిల్లూ తిరిగి చందాలు వసూలు చేసింది నేనే. కీబోర్డు, ప్యాడ్లు, మనిషెత్తు స్పీకర్లు. అవి వచ్చిన నెలకి, ఎప్పుడూ ముందు చాప మీద కూర్చునే ఒక అవ్వ బయట వేపచెట్టు కిందకి మారింది. ఏమ్మా అంటే, "గుండెల్లో దడగా ఉందయ్యా, ఇక్కడికీ వినబడతాది లే" అంది. వినబడుతుంది, సరే. ఆవిడ పాట మాత్రం మాకు వినబడలేదు, అప్పట్నుంచీ.

మెదక్ మీకు తెలిసిందే. కరువు రోజుల్లో జనానికి పని చూపించి, అన్నం పెట్టి పాస్నెట్ దొర కట్టించిన గుడి. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ. నేను వెళ్లేసరికి చీకటి పడింది. ఆ రంగుటద్దాల కిటికీలు లోపల్నుంచి నల్ల పలకల్లా ఉన్నాయి. పొద్దున్నే మళ్లీ వెళ్తే అవే కిటికీల్లో ప్రభువు జననం, సిలువ, ఆరోహణం. వెంటనే నాకు తట్టిందేంటో తెలుసా? దీని మీద మంచి ప్రసంగం చెప్పొచ్చని! మన జబ్బే అది. నవ్వకండి, మీకూ ఉంది.

ఇక డోర్నకల్. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, లోపల స్తంభాలు చూస్తే హిందువుల గుడి. 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. దాన్ని కట్టించిన అజరయ్య గారు తిరునల్వేలి వైపు తమిళుడు. మనలో కలిసి, మన భాష నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయ్యారు.

మధ్యాహ్నం. లోపల ఎవరూ లేరు, ఊడుస్తున్న ఒక పెద్దావిడ తప్ప. "ప్రార్థన చేసుకుంటారా అయ్యా, ఆపమంటారా?" అంది. వద్దమ్మా, కానీయ్ అన్నాను. మోకాళ్లూనాను. కళ్లు మూసుకున్నాను. నోరు తెరిస్తే ఏమొచ్చిందో చెప్పనా? "ప్రేమగల తండ్రీ, ఈ కూడికకు వచ్చిన ప్రతి ఒక్కరినీ..."

కూడిక ఎక్కడుంది? చీపురు చప్పుడు ఆగింది. "ఆమెన్" అంది ఆవిడ.

ఇంక ఒక్క ముక్క రాలేదండీ నాకు. ముప్పై ఏళ్లుగా మైకులో చేసీ చేసీ, నాకంటూ ఒక ప్రార్థన మిగల్లేదు. చాలాసేపు అలాగే ఉన్నాను. ఆవిడ మళ్లీ ఊడ్చుకుంటూ సన్నగా ఏదో కీర్తన అందుకుంది. ఆ గంటలో ఆరాధన చేసింది ఆవిడే, నేను కాదు.

అజరయ్య గారి గురించి ఒకటి ఎన్నోసార్లు చదివాను, అప్పటిదాకా బుర్రకెక్కలేదు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత వాళ్ల చెయ్యి వాళ్ల తల మీదే పెట్టించి, "అయ్యో, నేను సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అన్న పౌలు మాట పలికించేవారట. ఎవరి చేత? అక్షరం రాని పల్లె కూలీల చేత. గుర్తుందా, ఎవరి చెయ్యి వాళ్ల తల మీద! మనం బాప్తిస్మం ఇచ్చి ఏం చేయిస్తున్నాం? ఫోటో తీయిస్తున్నాం. ఆ తర్వాత వాళ్ల పనల్లా "ఆమెన్" అనడం, కానుక వేయడం. అడిగితే జనంలో ఆసక్తి లేదంటాం. వాళ్ల వంతు పాట, వాళ్ల వంతు ప్రార్థన మనమే మైకులో కానిచ్చేస్తుంటే ఆసక్తి ఎక్కడ్నుంచి వస్తుందయ్యా?

అధ్యక్షులు గారు గడియారం చూస్తున్నారు. నాలుగు పాయింట్లూ జేబులోనే ఉన్నాయి, ఉండనివ్వండి. తిరిగొచ్చిన ఆదివారం స్పీకర్లు సగానికి తగ్గించి, మధ్యలో అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా కూర్చుందామన్నాను. మొదటివారం యువకులు అలిగారు. రెండోవారం ఎవరిదో ఫోను మోగింది. అవ్వ ఇంకా చెట్టు కిందే ఉంది. ఈమధ్య మాత్రం చాప గుమ్మం దాకా జరిపింది.

బాబూ, సౌండ్ చూసేది నువ్వేనా? ఆ ఆంప్లిఫయర్ ఒకసారి కట్టెయ్. పర్లేదు, నేను చెప్తున్నాగా. పూర్తిగా కట్టెయ్. అమ్మా, వెనక బల్ల మీదున్న మీరు, అవును మీరే, ప్రార్థన మొదలుపెట్టండి.