రెండో తరగతి పాపకు నెల రోజుల జపాన్: మా ఇంటి ప్రయోగం రివ్యూ

నమస్తే అండీ, నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి రివ్యూ ఒక పద్ధతి మీద. మా పాప రెండో తరగతి చదువుతోంది. నెల రోజుల పాటు ఒకే దేశాన్ని పట్టుకుని తెలుగు, లెక్కలు, సైన్స్, బొమ్మలు అన్నీ దాంతోనే నడిపించాం. ఆ దేశం జపాన్. స్కూలు నుంచి వచ్చి పాలు తాగాక రోజూ ఒక అరగంట. ఏది పనికొచ్చిందో, ఏది డబ్బు దండగయిందో చెప్తాను.

ముందు దండగ సంగతి. ఆన్‌లైన్‌లో వర్క్‌షీట్ల ప్యాక్ ఒకటి కొన్నాను. జెండాకు రంగు వేయి, రాజధాని పేరు రాయి, డబ్బు పేరు కలుపు, అంతే. పాప పది నిమిషాల్లో పూర్తి చేసి పక్కన పడేసింది. మూడో రోజు అడిగితే టోక్యో పేరు గుర్తు రాలేదు. పైగా ఇదిగో ఈ మ్యాపు చూడండి. హొన్షు, షికోకు, క్యుషు ఉన్నాయి. ఉత్తరాన అంత పెద్ద దీవి హొక్కైదో లేనే లేదు. పిల్లల చేతికిచ్చే కాగితంలో ఇలాంటి తప్పుంటే నాకు చాలా బాధేసింది. కొనే ముందు శాంపిల్ పేజీలు తప్పకుండా చూడండి.

గ్లోబు మాత్రం పెట్టిన డబ్బుకు పూర్తిగా పనికొచ్చింది. ఎనిమిది అంగుళాలదైనా చాలు. తెలంగాణ లాంటివి మూడు పెట్టినా జపాన్‌లో ఇంకొంచెం చోటు మిగులుతుందని చెప్తే పాప వేలితో కొలిచి చూసుకుంది. లైట్లు ఆపి టార్చి కొట్టి గ్లోబు తిప్పితే వెలుగు ముందు జపాన్ మీద, తర్వాత మన మీద పడింది. గోడ మీద రెండో గడియారం పెట్టి మూడున్నర గంటలు ముందుకు తిప్పాం. ఇక్కడ తొమ్మిదికి బడి మొదలయ్యేసరికి అక్కడ పన్నెండున్నర. అక్కడి బళ్లలో పిల్లలే తెల్ల ఏప్రాన్లు, టోపీలు వేసుకుని తోటివాళ్లకు అన్నం వడ్డిస్తారు. 'ఇప్పుడు వాళ్లు తింటున్నారేమో' అనుకుంటూ పాప గడియారం చూడటం దానంతట అదే నేర్చుకుంది. ఐదో తరగతి పైన పిల్లలుంటే రేఖాంశాల లెక్క కూడా చేయించవచ్చు. మన టైముకు 82.5 డిగ్రీలు, వాళ్లకు 135. తేడాను 15తో భాగిస్తే మూడున్నర వస్తుంది.

తెలుగు పాఠానికి జపాన్ ఎలా కలిసిందో వినండి. వాళ్ల హిరగానా అనే లిపిలో మూల అక్షరాలు 46. అచ్చులు ఐదు: అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, కి, కు, కె, కొ. 'అమ్మా, ఇది మన గుణింతమే కదా!' అంది పాప. నిజమే మరి. హల్లుల వరుస క, స, త, న, హ, మ, య, ర, వ. హ ఉన్నచోట పాతకాలంలో ప పలికేవారు. అది పెట్టి చదవండి, మన వర్ణమాల నడకే వినిపిస్తుంది. సంస్కృతం చదవడానికి బౌద్ధ భిక్షువులు మన దేశపు అక్షరాల క్రమం నేర్చుకున్నారు. వాళ్ల పట్టికకు అదే దారి చూపింది. ఇది చెప్తుంటే నాకే ఒళ్లు పులకరించింది. పాప పలక మీద ఆ అక్షరాలతో 'నల్గొండ' అని రాసింది. వాళ్లకు ల లేదు, ర తోనే సరిపెట్టుకోవాలి. న, రు, గొ, న్, ద. కొ పక్కన రెండు చిన్న గీతలు పెడితే గొ, త పక్కన పెడితే ద. గుణింతం అంటేనే ముఖం తిప్పుకునే పిల్ల ఆ సాయంత్రం పలక వదల్లేదు.

ఇక నాకు అన్నిటికంటే నచ్చింది బట్ట. ఒక ఆదివారం చిట్యాల, చౌటుప్పల్ మీదుగా పోచంపల్లి వెళ్లాం. ఒక నేత ఇంట్లో పెద్దమ్మ చిటికి కడుతోంది. నూలు పోగుల్ని కట్టలుగా చాపి, గుర్తు పెట్టిన చోటల్లా రబ్బరు ట్యూబు ముక్కతో బిగించి చుడుతోంది. 'కట్టిన కాడ రంగు ఎక్కదు బిడ్డా, ఇప్పినంక తెల్లగనే ఉంటది' అని ఒక ముడి విప్పి చూపించింది. పాప ఆ తెల్ల మచ్చను వేలితో రుద్ది చూసింది. ముందు పోగుకు రంగు, తర్వాత మగ్గం మీద నేత. అందుకే డిజైను అంచులు కాస్త అలికినట్టు ఉంటాయి.

ఇంటికొచ్చాక కథ చెప్పాను. జపాన్‌లో క్యుషు దీవిలో కురుమే అనే ఊరుంది. 1800 ప్రాంతంలో అక్కడ ఇనోయె దెన్ అనే పిల్ల ఉండేది. పన్నెండు పదమూడేళ్లు. పాతబడిన బట్ట మీద రంగు పోయిన తెల్ల మచ్చలు చూసి, ఇవెలా వచ్చాయా అని దాన్ని పోగు పోగుగా విప్పింది. నూలును కట్టి రంగు వేస్తే అలాంటి మచ్చలు కావాలని తెప్పించవచ్చని కనిపెట్టింది. దాన్నే కురుమే కసురి అంటారు. పాప బీరువాలోంచి మా అమ్మ పోచంపల్లి చీర తీయించి, ఫోన్‌లో కసురి ఫొటో పక్కన పెట్టి చాలాసేపు చూసింది. 'అమ్మమ్మకు తెలుసా?' అని అడిగి, అప్పుడే ఫోన్ చేయించింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కాగితం మడతలతో సగం, పావు, అరపావు బాగా వచ్చాయి. కొంగ బొమ్మ ఏడేళ్లకు కష్టం, పేపరు టోపీతో మొదలుపెట్టండి. భూకంపం వస్తే అక్కడి పిల్లలు బల్ల కింద దూరి తల కాపాడుకుంటారు. అది ఆడి చూపిస్తే చాలు, భయపెట్టే వీడియోలు వద్దు. జపాన్ వాళ్లలా చేద్దామనుకున్న అన్నం ముద్దలు మాత్రం నిలవలేదు. మన సోనా మసూరి పొడిపొడిగా ఉంటుంది, వాళ్లది పొట్టి గింజ, అంటుకుంటుంది. ముద్ద విరిగినా, బియ్యంలో ఇన్ని రకాలా అని పాప అడిగింది.

నా పొరపాటు ఒకటి చెప్పాలి. మూడో వారానికి జపాన్ వాళ్లంతా రోజూ కిమోనోలే, అంటే వాళ్ల సంప్రదాయ బట్టలే కట్టుకుంటారని పాప అనుకుంది. పాతవే చూపించాను మరి. అప్పుడు 1964లో మొదలైన షింకాన్సెన్ రైలు, మామూలు వీధులు, వానలో గొడుగులతో ఆఫీసులకు పోయేవాళ్ల ఫొటోలు చూపించాను. ఇవి మొదటి వారంలోనే చూపించి ఉండాల్సింది.

పదికి ఎనిమిది ఇస్తాను. తల్లిదండ్రులు ముందు రోజు రాత్రి కూర్చుని చదువుకోవాలి, దానికి ఒకటి తగ్గించాను. నెల రోజులు కాస్త ఎక్కువైంది, మూడు వారాలు చాలు, దానికి ఇంకొకటి. తర్వాతి దేశం ఈజిప్టు. సాగర్ డ్యామ్ చూపించి, అక్కడి నుంచి నైలు నది మీద అస్వాన్ డ్యామ్‌కు వెళ్తాం. పోచంపల్లి పెద్దమ్మ ఇచ్చిన చిటికి పోగు ముక్క పాప తెలుగు నోటుబుక్కులో అంటించుకుంది, ఇదిగో.