బావి దగ్గర వదిలేసిన కుండ

శ్రోతలకు నమస్కారం. మన విశ్వాసం గురించి పక్కవారికి ఎలా చెప్పాలన్నదే ఈ రోజు మాట.

యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో ఒక సమరయ స్త్రీ మిట్టమధ్యాహ్నం యాకోబు బావికి నీళ్ళకు వస్తుంది. అలసి కూర్చున్న యేసు ఆమెను దాహం అడుగుతాడు. యూదులు సమరయులతో పొత్తు పెట్టుకోని కాలమది. మాటల్లో ఆయన ఆమె బతుకు సంగతులు చెప్పేసరికి, చివరికి ఆమె తన కుండను అక్కడే వదిలి ఊళ్ళోకి వెళ్ళిపోతుంది. ఆ కుండకు పండితులు రకరకాల అర్థాలు చెప్పారు. నన్నడిగితే, వాళ్ళకంటే అనంతపురం జిల్లా ఆడవాళ్ళకే అది బాగా తెలుస్తుంది. ట్యాంకరు వచ్చేదాకా వరుసలో పెట్టిన బిందెను విడిచి అడుగు కదపని వాళ్ళు కదా!

ఊళ్ళో ఆమె చెప్పిందెంత? నేను చేసినవన్నీ నాకు చెప్పిన మనిషిని వచ్చి చూడండి, ఈయనే క్రీస్తేమో అంది. అంతే. ఎవరితోనూ వాదం పెట్టుకోలేదు, ఎవరి దేవుణ్ణీ తక్కువ చేయలేదు. ఊరివాళ్ళే వెళ్ళి, ఆయనను బతిమాలి రెండు రోజులు తమ దగ్గర ఉంచుకున్నారు. తర్వాత ఆమెతో, ఇక నీ మాటను బట్టి కాదమ్మా, మేమే విన్నాం అన్నారు. సాక్ష్యం చెప్పేవారికి అంతకు మించిన గౌరవం ఏముంది?

'సమస్త జనులను శిష్యులనుగా చేయుడి' అన్న ప్రభువు ఆజ్ఞ ప్రతి క్రైస్తవుడికీ వర్తిస్తుంది, సందేహం లేదు. అయితే పరీక్షలకు చదువుకునే పిల్లలున్న వీధిలో తెల్లవారకముందే మైకు పెట్టమని ఆ వాక్యంలో ఎక్కడా లేదు. యేసు శిష్యుడు పేతురు తన మొదటి పత్రికలో, మీ నిరీక్షణకు, అంటే దేవుని మీద పెట్టుకున్న ఆశకు, కారణం అడిగే ప్రతివారికీ సాత్వికంతో, భయంతో జవాబు చెప్పండి అన్నాడు. అంటే ముందు ఎవరో ఒకరు అడగాలి. అడగాలనిపించేది మన బతుకులో వాళ్ళకు కనబడాలి. కడప జిల్లా జమ్మలమడుగులో లండన్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వారు పందొమ్మిదో శతాబ్దం చివర ఆసుపత్రి పెట్టారు. అది నేటికీ క్యాంబెల్ ఆసుపత్రే. నొప్పితో వచ్చినవాడికి అక్కడ ముందు కావలసింది మందు.

మన రాజ్యాంగం 25వ అధికరణంలో మత ప్రచార స్వేచ్ఛ ఇచ్చింది. అది తన విశ్వాసాన్ని వివరించే హక్కే గాని ఎదుటివారిని మతం మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దీనికి నొచ్చుకున్న క్రైస్తవులున్నారు. నాకు మాత్రం కొత్తగా అనిపించదు. హృదయాన్ని మార్చేది దేవుడని మనమే ప్రతి ఆదివారం ప్రార్థనలో ఒప్పుకుంటున్నాం.

వేరుశనగ పంట పోయిన ఏడు పక్క పొలం ఆయన గట్టు మీద కూర్చుని, "ఇంత అప్పులోనూ మందిరానికి వెళ్ళడం మానవేమప్పా?" అని అడగవచ్చు. ఈ బరువు ఒక్కడినే మోయడం లేదన్న ధైర్యం అక్కడ దొరుకుతుందని మీకు తెలిసినంత చెప్పండి. ఆ వెంటనే, ఆయన కూతురికి వచ్చిన సంబంధం ఎంతవరకు వచ్చిందో అడగండి.